ఇంజిను నడవడం మొదలయ్యాక ఇంజినీర్లకు ఏం పని ఇవ్వాలి?

ప్రశ్న: పాలమూరు_పైపులు

మహబూబ్‌నగర్, జడ్చర్ల, వనపర్తి, నల్లగొండ ప్రాంతాలకు చెందిన పద్దెనిమిది ఇరవై మందిమి శనివారం రాత్రుల్లో స్పేస్ స్టేషన్ 14 ఆడుతున్నాం. సర్వర్ నడిపే బాధ్యత నాది. ఆట తెలియని సభ్యుల కోసం క్లుప్తంగా చెబుతాను. 2003లో బయాండ్ అనే ఆటల వేదిక మీద వచ్చిన స్పేస్ స్టేషన్ 13ను ఔత్సాహికులు సీ షార్ప్ భాషలో మొదటి నుంచి మళ్లీ రాసుకున్న ఆట ఇది. అంతరిక్ష కేంద్రంలో ఒకరు డాక్టరు, ఒకరు వంటమనిషి, ఒకరు కాపలాదారు, ఒకరు ఇంజినీరు. ఎవరి పని వారు చేసుకుంటూ ఉండగా, వాళ్లలోనే కలిసిపోయిన ఒకరిద్దరు ద్రోహులు కేంద్రానికి చేటు తలపెడతారు. మా దగ్గర ఒక రౌండ్ దాదాపు గంటన్నర సాగుతుంది.

నా ప్రశ్న ఇంజినీర్ల గురించి. రౌండ్ మొదలయ్యేటప్పటికి కేంద్రం నిలవ ఉన్న కరెంటు మీదే నడుస్తుంటుంది కాబట్టి, వాళ్లు పరుగున వెళ్లి యాంటీమ్యాటర్ ఇంజిను బిగించి, ఇంధనపు జాడీ పెట్టి, ఇంజెక్షన్ ఎంతో నిర్ణయించి స్విచ్ వేస్తారు. ఆ తర్వాత ఓపిక ఉన్నవాళ్లు ఫీల్డు జనరేటర్లు, వాటికి శక్తినిచ్చే ఎమిటర్లు నిలబెట్టి, ఆ కట్టడిలో సింగులారిటీని, అంటే కరెంటు ఇచ్చే చిన్న కృష్ణబిలాన్ని కూడా మొదలుపెడతారు. చెయ్యి తిరిగినవాళ్లకు ఇదంతా కలిపి పావుగంట, ఇరవై నిమిషాల పని. మిగిలిన గంటకు పైగా సమయంలో వాళ్లకు చేయడానికి ఏమీ ఉండదు.

పోయిన శనివారం ముగ్గురు ఇంజినీర్లు ఉన్నారు. పద్దెనిమిదో నిమిషానికి వాళ్ల పని అయిపోయింది. ఒకాయన బారుకు వెళ్లి కూర్చున్నాడు. ఇంకొకాయన ఎవరూ అడగని గోడను విప్పి, కట్టి, మళ్లీ విప్పాడు. తలుపు అద్దంలోంచి వెల్డింగ్ వెలుగు మినుకుమంటుంటే ఏదో జరిగిందనుకొని కాపలావాళ్లు రెండుసార్లు వచ్చి చూసి పోయారు. మూడో ఆయన నిద్ర వస్తోందని చెప్పి లాగౌట్ అయ్యాడు. ఆయన నిజానికి మా అందరిలో బాగా ఆడే మనిషి, అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది.

నేను ఊరికే కూర్చోలేదు. ఉల్కలు పడటం, బ్రేకర్లు వాటంతటవే పడిపోవడం, గ్యాస్ లీకు కావడం వంటి సంఘటనలు ఎంత తరచుగా రావాలన్న లెక్కను రెట్టింపు చేసి రెండు వారాలు నడిపి చూశాను. ఇంజినీర్లకు తీరిక లేకుండా పోయిన మాట వాస్తవమే కానీ, వాళ్లు సంతోషపడలేదు. ఒక చోట చిల్లు పూడ్చి వచ్చేలోపు ఇంకో చోట చిల్లు పడుతుంటే, ఇది ఆటలా లేదు, ఉపాధి హామీ పనిలా ఉందని ఒకరు అన్నారు. గ్రిడ్ చెక్ సంఘటన సంగతి మరీ విచిత్రం. కేంద్రమంతా చీకటి అవుతుంది, అందరూ ఇంజినీర్లను తిడతారు, కొద్దిసేపటికి కరెంటు దానంతటదే వచ్చేస్తుంది. అంటే తిట్లు మాత్రమే ఇంజినీరుకు, పని లేదు.

చిల్లులు పెంచకుండా ఇంజినీర్లకు రౌండ్ పొడవునా చేతినిండా, బుర్రనిండా పని ఉండేలా ఏం చేయవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: మిర్యాలగూడ_వెల్డర్

నాకు అసలు ఇది సమస్యగా కనిపించడం లేదు. ఇంజినీరు ఖాళీగా ఉన్నాడంటే కేంద్రం బాగా నడుస్తున్నట్టు లెక్క. అగ్నిమాపక బండి షెడ్డులో ఉంటే ఎవరమైనా బాధపడతామా? ఖాళీ సమయంలో కట్టడాలు కట్టుకునే స్వేచ్ఛ ఈ ఆటలోని అందాల్లో ఒకటి. నేనైతే ప్రతి రౌండులోనూ పాడుబడిన గదిని ఒకదాన్ని పట్టుకొని, గాలి నింపి, లైట్లు పెట్టి, టీ కొట్టులా తీర్చిదిద్దుతాను. కెప్టెన్ చేత ఏదో ఒక కట్టడం పని అడిగించండి చాలు. సర్వర్‌లో కొత్త నియమాలు పెట్టినకొద్దీ కొత్తగా వచ్చేవాళ్లు బెదిరిపోతారు.

జవాబు: లైన్‌మన్_కొడుకు

మిర్యాలగూడ అన్న చెప్పిన కట్టడాల పని కొంతవరకు సరిపోతుంది కానీ, అది ఇంజినీరు తనకు తాను కల్పించుకున్న పని. ఆయన టీ కొట్టు కట్టకపోయినా కేంద్రంలో ఎవరికీ లోటు లేదు. ఇంజినీరు అవసరం మిగతావాళ్లకు రౌండ్ మధ్యలో కలగడం లేదన్నదే అసలు చిక్కు అని నాకు అనిపిస్తోంది.

మాది దేవరకొండ దగ్గర ఊరు. నాన్న లైన్‌మన్‌గా చేసి రిటైర్ అయ్యారు. నేను ఈ ఆటలో మొదటిసారి ఇంజినీరుగా దిగినప్పుడు కేబుళ్లు చూసి నవ్వుకున్నాను. నారింజ రంగు హైవోల్టేజీ కేబుల్ ఇంజిను నుంచి సబ్‌స్టేషన్ దాకా, అక్కడి నుంచి పసుపు రంగు మీడియం కేబుల్ ఏపీసీ (ఒక్కో విభాగానికి కరెంటు పంచే, బ్యాటరీ ఉన్న గోడపెట్టె) దాకా, ఏపీసీ నుంచి ఆకుపచ్చ కేబుల్ గదుల్లోకి. మా ఊళ్లోనూ అంతే కదా: 33 కేవీ వచ్చి సబ్‌స్టేషన్‌లో 11 కేవీ అవుతుంది, ఫీడరు మీద పొలాల దాకా పోయి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇంటికీ మోటరుకూ సరిపోయే వోల్టేజీకి దిగుతుంది. ఆట తయారుచేసినవాళ్లు నిర్మాణం ఇంత చక్కగా పెట్టి, దాని మీద నడవాల్సిన గొడవను మాత్రం పెట్టలేదు. ఆ గొడవ పేరు లోడు.

మీ కేంద్రంలో ఇంజిను ఇచ్చే కరెంటు, కేంద్రం మొత్తం వాడగల కరెంటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండి ఉంటుంది. పవర్ మానిటరింగ్ కంప్యూటర్ తెరిచి ఆ రెండంకెలూ ఒకసారి చూసుకోండి. కరెంటు అంత మిగులుతున్నప్పుడు ఇంజినీరును ఎవరు అడుగుతారు? మా దగ్గర రైతులకు లైన్‌మన్ గుర్తొచ్చేది కరెంటు సరిపోనప్పుడే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలు కాకముందు, వంతుల వారీగా కరెంటు ఇచ్చే రోజుల్లో ఏ ఫీడరుకు ఏ వేళకు ఇవ్వాలన్నదాని మీద సబ్‌స్టేషన్ గేటు దగ్గర జరిగిన పంచాయతీలు నేను చిన్నప్పుడు చూశాను. ఆపరేటరు మీద కోపం, లైన్‌మన్ మీద ఆశ, ఎండిపోతున్న వరి మడి, వీటన్నిటి మధ్యా ఒక మనిషి నిలబడి నిర్ణయం చెప్పాలి. మీ ఇంజినీర్లకు ఆ కుర్చీ ఇవ్వండి. ఇంజిను ఎంత బాగా పెట్టినా, అన్ని విభాగాలూ ఒకేసారి పూర్తిగా నడవడానికి కొద్దిగా చాలకుండా ఉండేటట్టు చూడండి. అప్పుడు పరిశోధనవాళ్లు వచ్చి అడుగుతారు, వైద్యశాలవాళ్లు వద్దంటారు, ఇంజినీరు ఏపీసీ బ్రేకర్ల ముందు నిలబడి లెక్క వేసుకోవలసి వస్తుంది. సింగులారిటీ కూడా మొదలుపెడితే ఆ లోటు తీరుతుంది కానీ, ఎమిటర్లకు కరెంటు తగ్గితే అది కట్టు తెంచుకుంటుందన్న భయం వెంట వస్తుంది. ఈ రెండింట్లో ఏది మేలన్నది ప్రతి రౌండుకూ కొత్తగా తేల్చుకోవలసిన విషయం అవుతుంది.

రెండో సంగతి, కరెంటు పోయి తిరిగి వచ్చే ఘడియ. ఆటో స్టార్టర్లు ఎందుకు తీసేయమన్నారో మన దగ్గరి రైతులందరికీ తెలుసు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 హెచ్‌పీ మోటర్లు నాలుగైదు ఉంటాయనుకోండి. నడుస్తున్నప్పుడు అది మోయగలదు. కానీ మోటరు మొదలయ్యే క్షణంలో మామూలుగా లాగే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఆటో స్టార్టర్లు ఉంటే కరెంటు రాగానే ఊళ్లోని మోటర్లన్నీ ఒకేసారి ఎత్తుకుంటాయి, వోల్టేజీ పడిపోతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది, ఎవరో ఫ్యూజు స్థానంలో లావుపాటి తీగ చుట్టి ఉంటే ఈసారి ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. దాన్ని ట్రాక్టరులో వేసుకొని రిపేరు సెంటరు దాకా వెళ్లి వంతు కోసం కూర్చోవాలి. ఆటలోనూ దీనికి పోలిక ఉంది. చాలాసేపు కరెంటు లేక ఏపీసీల బ్యాటరీలన్నీ ఖాళీ అయ్యాక సరఫరా తిరిగి ఇస్తే, అవన్నీ ఛార్జింగు కోసం ఒక్కసారే లాగుతాయి. కాబట్టి గ్రిడ్ చెక్ తర్వాత కరెంటు దానంతటదే వచ్చే ఏర్పాటు తీసేయండి. బ్రేకర్లను ఇంజినీరే ఒకదాని తర్వాత ఒకటి ఎత్తాలి. ఏ వరుసలో ఎత్తాలన్నది ఆయన విజ్ఞత.

మూడోది ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్: లైనులో కరెంటు ఆపామని సబ్‌స్టేషన్ ఇచ్చే హామీ. స్తంభం ఎక్కే ముందు నాన్న సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ అడిగేవారు. ఆపరేటరు బ్రేకరు తీసి, ఎవరు, ఎన్ని గంటలకు, ఏ ఫీడరు మీద తీసుకున్నారన్నది పుస్తకంలో రాసుకునేవాడు. నాన్న ఇక్కడ ఏబీ స్విచ్ (లైనును విడదీసే మీట) కూడా దించి, తీగకు ఎర్త్ రాడ్ తగిలించి, అప్పుడు పైకి ఎక్కేవారు. పని అయ్యాక తీసుకున్న మనిషే ఎల్‌సీ తిరిగి ఇవ్వాలి. వేరొకరు ఫోన్ చేసి అయిపోయిందంటే ఆపరేటరు లైను ఇవ్వడు. మీ ఆటలో ఇన్సులేటెడ్ గ్లౌజులు తొడుక్కుంటే చాలు, కరెంటు పారుతున్న కేబుల్‌నే కోసేయవచ్చు. అందుకే ఒక్కడే అన్నీ చేసుకుపోతాడు, పక్కవాడితో మాట్లాడాల్సిన పనే ఉండదు. గ్లౌజుల సంఖ్య తగ్గించి ఎల్‌సీ పెడితే ఒకరు కంప్యూటరు దగ్గర, ఒకరు కేబుల్ దగ్గర ఉండక తప్పదు.

ప్రశ్నించినవారి స్పందన: పాలమూరు_పైపులు

అన్నా, మీరు చెప్పినట్టే మానిటరింగ్ కంప్యూటరు చూశాను. యాంటీమ్యాటర్ ఇంజిను ఒక్కటే కేంద్రం అడిగేదానికి రెట్టింపుకు పైగా ఇస్తోంది. ఇన్నాళ్లూ ఆ అంకెను చూడకుండా చిల్లులు పెంచుకుంటూ పోయినందుకు నాకే సిగ్గుగా ఉంది.

అయితే నాకు రెండు అనుమానాలు ఉన్నాయి. కరెంటు చాలకపోతే ఇంజినీరు చిన్నపాటి దొర అయిపోడా? తనకు నచ్చని విభాగానికి చీకటి చేసి కూర్చుంటే ఏం చేయాలి? ఇంకొకటి, వైద్యశాలలో ఉన్న ఆటగాడికి తన తప్పు ఏమీ లేకుండా ఆట ఆగిపోతే ఆయన వచ్చే వారం వస్తాడా? అదీగాక గాలి, పైపులు చూసే అట్మాస్ వాళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. కేంద్రంలో ఒత్తిడి 101 కిలోపాస్కల్ దగ్గర నిలబడ్డాక వాళ్లు ఇంజినీర్ల కంటే ఖాళీగా ఉంటున్నారు.

జవాబు: నల్లగొండ_కక్ష్య

దొరతనం గురించిన అనుమానానికి నిజం అంతరిక్ష కేంద్రంలోనే ఒక సమాధానం దొరుకుతుంది. 2010 జులై 31న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అమ్మోనియాను తిప్పే ఒక పంపు ఆగిపోయింది. బయటి శీతలీకరణ వలయాలు రెండే, వాటిలో ఒకటి పోయిందంటే సగం చల్లదనం పోయినట్టు. వేడిని బయటికి పంపలేనప్పుడు పరికరాలను నడపలేరు కాబట్టి, వెంటనే ఏవేవి ఆపాలో, ఏవి రెండో వలయం మీదికి మార్చాలో తేల్చవలసి వచ్చింది. ఆ తర్వాత ఆగస్టులో మూడుసార్లు బయటికి వెళ్లి, దాదాపు 350 కిలోల ఆ పంపును మార్చారు. గొట్టం కలిపే చోట ఒకటి మొండికేసి అమ్మోనియా చిమ్మడంతో మొదటి రోజు అనుకున్న పని పూర్తికాలేదు. ఆ కథలో మన ఆటకు పనికొచ్చేది పంపు మార్చడం కంటే ముందు జరిగిన ఆ ఆపివేతల ఘట్టమే అని నా అభిప్రాయం. అయితే అక్కడ ఏది ఆపాలన్నది ఆ క్షణంలో ఎవరి ఇష్టాన్ని బట్టీ ఉండదు, ముందే రాసిపెట్టిన వరుస ఉంటుంది. మీరు కూడా రౌండ్ మొదట్లోనే కెప్టెన్, ఛీఫ్ ఇంజినీర్ కలిసి ఒక వరుస రాసి నోటీసు బోర్డు మీద పెట్టే పద్ధతి తీసుకురండి. దాన్ని దాటి ఇంజినీరు ఎవరికైనా చీకటి చేస్తే, ఆయన ద్రోహి అయినా అయి ఉండాలి, లేదా లంచమైనా తిని ఉండాలి. రెండూ ఆటకు మంచివే.

వైద్యశాల విషయంలో నేను ఒక మినహాయింపు ఇస్తాను. చీకటిని నేరుగా తీసుకురావద్దు. ముందు లైట్లు సగం కావాలి, తర్వాత యంత్రాలు నెమ్మదించాలి, ఆఖరున తలుపులు. ఆటగాడికి ఫోన్ తీసి తిట్టే సమయం ఉండాలి.

అట్మాస్ వాళ్లకు మీరు ఇవ్వవలసినది వెతుకులాట. పెద్ద చిల్లు పడితే అలారం మోగుతుంది, అందరికీ తెలుస్తుంది, పూడుస్తారు, అయిపోతుంది. చిన్న లీకు అలా కాదు. 2018 ఆగస్టులో కేంద్రానికి అతుక్కొని ఉన్న సోయుజ్ నౌకలో రెండు మిల్లీమీటర్ల రంధ్రం పడి ఒత్తిడి కొద్దికొద్దిగా తగ్గింది. గదులు ఒక్కొక్కటీ పరీక్షిస్తూ వచ్చి దాన్ని పట్టుకొని, గుడ్డకు ఎపాక్సీ పూసి మూశారు. 2020లో రష్యన్ విభాగమైన జ్వెజ్దాలో ఇంకో లీకు ఎక్కడుందో తేలక ఇబ్బంది పడినప్పుడు, తలుపులు మూసి టీ ఆకుల పొడిని గాలిలో వదిలి, అది ఎటు తేలిపోతుందో కెమెరాలతో చూసి చోటు గుర్తించారు. ఇది చదివిన రోజు మా ఇంట్లో టీ డబ్బా మూత తీసి కాసేపు దానివంకే చూస్తూ కూర్చున్నాను. ఇంత మంచి ఆట ఘట్టాన్ని ఊహించి రాయడం ఎవరివల్లా కాదు.

కాబట్టి అలారం మోగనంత చిన్న లీకును రౌండుకు ఒకటి పెట్టండి. సరఫరా ట్యాంకులో నత్రజని, ఆక్సిజన్ ఉండవలసిన దానికంటే వేగంగా తగ్గుతుండటమే దాని ఏకైక గుర్తు కావాలి. ట్యాంకు అంకెలు గమనించే అట్మాస్ మనిషికి అది పదో నిమిషంలో తెలుస్తుంది, బారులో కూర్చున్నవాడికి అరవయ్యో నిమిషంలో ఊపిరి ఆడనప్పుడు తెలుస్తుంది. ఎవరికీ చెప్పకుండా గ్యాస్ ఎనలైజరు పట్టుకొని గది తర్వాత గది తలుపులు మూసుకుంటూ పోయే ఆ నడకలో గంట ఎలా గడిచిందో తెలియదు.

సోలార్ పలకల గురించి కూడా ఒక మాట. అసలు కేంద్రం భూమి చుట్టూ దాదాపు 90 నిమిషాలకు ఒకసారి తిరుగుతుంది, అందులో మూడో వంతుకు పైగా భూమి నీడలోనే గడవవచ్చు. మీ రౌండ్ కూడా గంటన్నర అన్నారు. రౌండులో ఒకసారి అరగంట సేపు సూర్యుడు పోయేటట్టు పెడితే, వెలుతురు ఉన్నప్పుడు ఎంత నిలవ చేసుకోవాలన్న లెక్క తప్పనిసరి అవుతుంది. మన సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లకు ఏడు రివర్సిబుల్. గిరాకీ ఉన్నప్పుడు నీటిని కిందికి వదిలి కరెంటు తీయడానికీ, మిగులు ఉన్నప్పుడు అదే నీటిని వెనక్కి ఎత్తిపోయడానికీ వీలుగా వాటిని పెట్టారు. స్పేస్ స్టేషన్ 13లో కరెంటు నిలవ చేసే ఎస్‌ఎంఈఎస్ పెట్టెకు ఎంత లోపలికి తీసుకోవాలి, ఎంత బయటికి వదలాలి అన్న రెండు మీటలు ఉండటం కూడా ఇందుకే. కరెంటు ఎప్పుడూ మిగిలే చోట ఆ మీటలను ఎవరూ ముట్టుకోరు, అంతే.

జవాబు: గద్వాల_కోడ్

ఆలోచనలు బాగున్నాయి కానీ అన్నీ ఒకే వారంలో దించితే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో మీకు తెలియదు. సర్వర్ వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను.

ఆట కోడ్ ఎంఐటీ లైసెన్సు కింద ఉంది కాబట్టి మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వస్తువుల లక్షణాలు చాలావరకు యామెల్ అనే మామూలు పాఠ్య ఫైళ్లలో ఉంటాయి. ఒక యంత్రం ఎంత కరెంటు లాగాలి, ఏపీసీ బ్యాటరీ ఎంత వేగంగా ఛార్జ్ కావాలి అన్నవి అక్కడ అంకెలు మార్చితే సరిపోతాయి. యాంటీమ్యాటర్ ఇంజిను ఎంత ఇవ్వాలన్న లెక్క మాత్రం సీ షార్ప్ కోడ్‌లో ఉంది. కాబట్టి నేనైతే ఇంజినును ముట్టుకోను, యంత్రాల లోడును పెంచుతాను. రెండింటి ఫలితం ఒకటే, పైగా ఇంజిను బలం తగ్గించారన్న నింద మీ మీదికి రాదు. మీరు మార్చినవన్నీ మీ పేరుతో వేరే ఫోల్డరులో పెట్టుకోండి. అసలు ఫైళ్లలో అక్కడొకటి ఇక్కడొకటి దిద్దితే, పైనుంచి కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఆదివారం మొత్తం మీ మార్పులకూ వాళ్ల మార్పులకూ మధ్య వచ్చే విలీనం తగాదాలు తీర్చుకోవడంతో గడిచిపోతుంది. నాకు ఒక దసరా సెలవు అలా పోయింది.

ఎల్‌సీ కోసం కోడ్ రాయవద్దని నా సలహా. ఆటలో కాగితం ఉంది, పెన్ను ఉంది, ఛీఫ్ ఇంజినీరుకు ముద్ర ఉంది. ఎవరు, ఏ కేబుల్, ఏ నిమిషం అన్నది కాగితం మీద రాయించి ముద్ర వేయిస్తే అదే ఎల్‌సీ. కోడ్‌తో పెడితే అది తలుపు తాళంలా మారిపోతుంది, ఎవరూ దాని గురించి ఆలోచించరు. కాగితమైతే పోగొట్టుకోవచ్చు, దొంగిలించవచ్చు, దొంగ ముద్ర వేయవచ్చు. ద్రోహికి ఇంతకంటే మంచి ఆయుధం ఏముంటుంది? గ్లౌజులు తగ్గించడం మాత్రం మ్యాపులో రెండు నిమిషాల పని.

చిన్న లీకు సంగతి కొంచెం కష్టం. ఉన్న గ్యాస్ లీకు సంఘటన గదిలోకి వాయువును వదులుతుంది, మీకు కావలసింది దానికి తిరగేసినది. రాయాలి, సమయం పడుతుంది. దాన్ని రెండో విడతకు ఉంచండి. నీడ సంగతి మూడో విడతకు.

జవాబు: మిర్యాలగూడ_వెల్డర్

కాగితం అన్నందుకు ఒప్పుకుంటున్నాను. నియమం అంటే నాకు పడదు కానీ కాగితం మీద సంతకం కోసం ఛీఫ్ ఇంజినీరును బారులో వెతుక్కుంటూ తిరగడం నాకు తెలిసిన లోకమే. టీ కొట్టుకు కనెక్షన్ కోసం దరఖాస్తు పెట్టుకోవాలా అన్నది మాత్రం ముందే చెప్పండి.

ప్రశ్నించినవారి స్పందన: పాలమూరు_పైపులు

అన్నా, పెట్టుకోవాలి. మీ దరఖాస్తు వరుసలో చివరన ఉంటుంది.

నిన్న రాత్రి మొదటి విడత నడిపాం. పరిశోధన, తయారీ విభాగాల యంత్రాల లోడు పెంచాం, గ్రిడ్ చెక్ తర్వాత బ్రేకర్లు వాటంతటవే ఎత్తుకోకుండా చేశాం, గ్లౌజులు రెండు జతలకు తగ్గించాం, ఎల్‌సీ కాగితం పెట్టాం. పందొమ్మిది మంది ఉన్నారు.

ఇరవై రెండో నిమిషంలో పరిశోధన విభాగం నుంచి మొదటి పిలుపు వచ్చింది. వాళ్ల యంత్రం సగం వేగంతో నడుస్తోందని, వంటగదికి ఆపి తమకు ఇవ్వమని అడిగారు. ఈ మాట రేడియోలో విన్న వంటమనిషి ఐదు నిమిషాల్లో ఇంజినీరింగు గదికి పిజ్జా పంపించాడు. బోర్డు మీద రాసిన వరుసలో వంటగది కింద ఉన్నా ఇంజినీర్లు దాన్ని ఆపలేదు. మొత్తానికి నల్లగొండ మిత్రుడు చెప్పిన లంచం మొదటి రాత్రే వచ్చేసింది.

నలభయ్యో నిమిషంలో గ్రిడ్ చెక్ వచ్చింది. అప్పుడు ఇంజినీర్లు బారు దగ్గర సోలార్ కేబుల్ పనిలో ఉన్నందువల్ల వచ్చేసరికి ఏపీసీలన్నీ ఖాళీ అయ్యాయి. కొత్తగా చేరిన ఒక తమ్ముడు పరుగెత్తుకుంటూ వెళ్లి బ్రేకర్లన్నీ వరసబెట్టి ఎత్తేశాడు. లైట్లు ఒక్కసారి వెలిగి మసకబారాయి, నిలవంతా లాగేసుకుని మళ్లీ ఆరిపోయాయి. రెండోసారీ అదే చేశాడు. మూడోసారి, పోయిన వారం నిద్ర వస్తోందని వెళ్లిపోయిన ఆ మంచి ఆటగాడు వచ్చి, తమ్ముణ్ని పక్కన నిలబెట్టుకొని, ముందు వైద్యశాల, అది నిండాక కాపలా, ఆ తర్వాత ఇంకొకటి అంటూ ఒక్కొక్కటే ఎత్తుకుంటూ వచ్చాడు. పదకొండు నిమిషాలు పట్టింది. ఆయన నిన్న చివరిదాకా ఉన్నాడు.

ఇక ఎల్‌సీ సంగతి. అరవయ్యో నిమిషం ప్రాంతంలో ఒక ఇంజినీరు ఉత్తరపు సబ్‌స్టేషన్ కేబుల్ మార్చడానికి ఎల్‌సీ తీసుకొని వెళ్లాడు, తిరిగి రాలేదు. ఛీఫ్ ఇంజినీరుగా ఉన్నాయన మానిటరింగ్ కంప్యూటరు ముందు కూర్చొని లైను ఇవ్వనన్నాడు. వైద్యశాల తిట్టింది, కెప్టెన్ ఆజ్ఞాపించాడు, ఆయన వినలేదు. తీసుకున్న మనిషి వచ్చి చెప్పాలన్నాడు. కేంద్రంలో సగం మంది ఆ మనిషి కోసం చీకటి సొరంగాల్లో టార్చిలైట్లు పట్టుకొని వెతికారు. ఇరవై నిమిషాల తర్వాత ఆయన శవం చెత్తగదిలో దొరికింది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసిన ఎల్‌సీ కాగితం ఆయన జేబులోనే ఉంది. కేబుల్ పని ఎప్పుడో పూర్తయింది. ద్రోహి ఆయన్ను చంపింది గ్లౌజుల కోసం.

లైన్‌మన్_కొడుకు అన్నా, ఛీఫ్ ఇంజినీరు చేసింది సరైనదేనా కాదా అని రాత్రి రెండు దాకా వాదించుకున్నాం. మీరే చెప్పాలి.

జవాబు: లైన్‌మన్_కొడుకు

సరైనదే తమ్ముడూ. లైను మీద ఇంకా మనిషి ఉన్నాడో లేడో తెలియనప్పుడు కరెంటు ఇవ్వకూడదు, కెప్టెన్ చెప్పినా సరే. ఆయన తప్పు చేసింది వేరే చోట. ఎల్‌సీ ఇచ్చి ఇరవై నిమిషాలు కుర్చీలో కూర్చున్నాడు. పది నిమిషాలకే రెండో మనిషిని కేబుల్ వెంట నడుచుకుంటూ వెళ్లి చూసి రమ్మని పంపించాలి. నాన్నకు ఈ కథంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, కాగితం రెండు ప్రతులు రాయించమని, ఒకటి కంప్యూటరు దగ్గరే ఉండాలని, తీసుకున్నవాడి సంతకం పక్కన హెల్పరు పేరు కూడా ఉండాలని మీకు చెప్పమన్నారు.